జయింట్ కియా పిట్ట నా దాగలి ఎత్తుకుపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

వంశధార_ఒడ్డు:
అన్నలూ అక్కలూ, డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మాది గుణుపురం. ఒడియా మీడియంలో చదివాను, తెలుగు ఇంట్లో మాట్లాడ్డమే గానీ రాసింది తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. సంగతేంటంటే కొండ అంచున కొత్త కోట మొదలెట్టాను. చోటు వెతికేటప్పుడు 'అన్‌టేమ్డ్ వైల్డ్స్' అని చూపించింది, పేరు బాగుంది కదా అని దిగిపోయాను. ఏడుగురు మరుగుజ్జులు, ఒక బండి, బండి నిండా సామాను. వాళ్ళని కొండ తవ్వడానికి పంపేసి, లోపల గదులు ఎలా ఉండాలా అని గీసుకుంటూ కూర్చున్నాను. పైన ఏదో మెసేజ్ వచ్చింది, చదవకుండా తీసేశాను. ఇంకోటి వచ్చింది, అదీ తీసేశాను. మూడోది చదివితే జయింట్ కియా దాగలి ఎత్తుకుపోయింది అని ఉంది. దాగలండీ! కమ్మరి కొట్లో ఉండే ఇనప దిమ్మ! పిట్ట ఎత్తుకుపోయింది!

ఇప్పుడు కొలిమి కట్టాలంటే దాగలి కావాలి, దాగలి చెయ్యాలంటే కొలిమి కావాలి. శరత్కాలంలో మన వర్తకులు వచ్చేదాకా ఇనుము జోలికి వెళ్ళే దారే లేదు. వెనక్కి వెళ్ళి చూస్తే ఆ ముందు రెండు మెసేజ్‌లూ అవే, ఒకటి సారా పీపా, ఇంకోటి ఉన్న రెండు గొడ్డళ్ళలో ఒకటి. వీటిని చంపాలా, పట్టాలా, లేకపోతే కోట వదిలేసి కొత్తది మొదలెట్టాలా?

కొరాపుట్_కాఫీ:
క్షమించు తమ్ముడూ, సారా పీపా దగ్గర నవ్వాగలేదు. దాగలి పోయింది సరే, సారా పోతే మరుగుజ్జులు పనే చెయ్యరు కదా.

నేను ఈ ఆటని బొమ్మలు లేని రోజుల నుంచి ఆడుతున్నాను. 2006లో మొదటిసారి వదిలినప్పటి నుంచి దీన్ని తయారుచేసిన ఆడమ్స్ అన్నదమ్ములిద్దరూ ఊరికే ఇచ్చేవారు, తెర నిండా అక్షరాలే, పిట్టంటే ఒక అక్షరం, మరుగుజ్జంటే ఒక ముఖం. 2022 డిసెంబరులో స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే సైటు) బొమ్మలతో వచ్చాక మీలాంటి కొత్తవాళ్ళు వచ్చారు, సంతోషం. కానీ ఆ రోజుల్లోనూ కియా అంటే మాకు భయమే. డ్రాగన్ వస్తే కనీసం కథలా చెప్పుకోవచ్చు, కియా వస్తే ఏమని చెప్పుకుంటాం?

నువ్వు చేసిన తప్పు చోటు దగ్గరే ఉంది. ఈ ఆటలో ప్రతి ప్రాంతానికీ మంచి చెడులు ఒక లెక్క, అడవితనం ఇంకో లెక్క. అడవితనం బాగా ఎక్కువైన చోటే ఈ 'జయింట్' జంతువులు తిరుగుతాయి. 'అన్‌టేమ్డ్ వైల్డ్స్' అంటే చెడ్డ చోటు కాదు, శవాలు లేచి నడవవు, కానీ పిచ్చుక కూడా పెద్దదే వస్తుంది. ప్రశాంతంగా ఉండాలంటే 'కామ్' అని ఉన్నచోట దిగాలి, అక్కడైతే నిద్ర వస్తుంది అది వేరే సంగతి.

సిరొంచ_పోరడు:
గింత ఆలోచన ఎందుకు తమ్మీ, కొట్టి పారెయ్. నలుగురికి క్రాస్‌బౌలు ఇచ్చి బయట నిలబెట్టు, ఒక్కో పిట్ట పడితే మాంసం, బొక్కలు, ఈకలు. బొక్కలతో మళ్ళీ బాణాలు చేసుకో. ఆ బాణాలతో దాని తమ్ముణ్ణి కొట్టు. నా కోటలో ఒక గది నిండా పిట్టల పుర్రెలు ఉన్నయి, వర్తకులకు అవే అమ్ముత.

వంశధార_ఒడ్డు:
క్రాస్‌బౌ చెయ్యాలి కదా అన్నా, కర్ర ఉంది గానీ చేసే తీరిక ఎక్కడిది. కత్తి ఉన్నవాణ్ణి ఒకణ్ణి పంపాను. వాడు పిట్ట కింద నిలబడి పైకి చూస్తున్నాడు. పిట్ట రెండు అంతస్తులు పైన గిరగిరా తిరుగుతోంది. వాడు అలాగే చూస్తున్నాడు. ఈలోపు మిగతావాళ్ళు సామాను లోపలికి మోద్దామని బయటికి రావడం, పిట్టని చూసి బెదిరి పని వదిలేసి పారిపోవడం, మళ్ళీ రావడం. మెసేజ్‌ల పెట్టె అంతా 'పని ఆపేశాడు, కియా అడ్డొచ్చింది' అని అదే వరస. లోపలికి మోస్తే గానీ సామాను దక్కదు, పిట్ట పోతే గానీ మొయ్యరు, సామాను ఉన్నంతసేపూ పిట్ట పోదు.

బరంపురం_పట్టు:
బాబూ, నేను చెప్పేది కాస్త విను. సిరొంచ తమ్ముడు చెప్పింది తప్పు కాదు గానీ అది రోజూ చేసే పని అయిపోతుంది. నువ్వు గోడలు కట్టావా? కట్టే ఉంటావు, అందరం ముందు గోడలే కడతాం. గోబ్లిన్‌లు (ఆటలో కోట మీదికి దండెత్తే శత్రువులు) వస్తారని కందకం తవ్వుతాం, వంతెన పెడతాం, ఆకాశం సంగతి మర్చిపోతాం.

మా అమ్మమ్మగారిది ఇచ్ఛాపురం పక్క పల్లె. వేసవి సెలవులకి వెళ్తే నాకు అప్పగించే పని ఒకటే, కోడిపిల్లల కాపలా. గద్ద వచ్చేటప్పుడు మనకి గద్ద కనపడదు, ముందు నేల మీద దాని నీడ జారుతుంది. తల్లికోడి దాన్ని మనకన్నా ముందు చూసి గొంతు మార్చి ఒక కేక వేస్తుంది, పిల్లలన్నీ ఎక్కడివక్కడ వచ్చి రెక్కల కింద దూరిపోతాయి, అప్పటికీ ఒకటి దూరంగా మిగిలిపోతుంది, అది పోతుంది. నేను కర్ర పట్టుకుని వాకిలంతా పరిగెట్టేదాన్ని. ఒక్క గద్దనీ కొట్టలేదు ఎప్పుడూ. అమ్మమ్మ వచ్చి వెదురు గంప బోర్లించి, పైన రాయి పెట్టి వెళ్ళిపోయేది. అంతే, అయిపోయింది.

నీ కోటకి కావలసింది గంప. బండి చుట్టూ గోడ లేపు, దాని పై అంతస్తులో ఫ్లోర్ పరిచెయ్. ఆటలో ఒక అంతస్తు ఫ్లోర్ కింది అంతస్తుకి కప్పు, ఎగిరేది దాన్ని దాటి దిగలేదు. రాయి నువ్వు ఎలాగూ తవ్వుతున్నావు, ఆ రాయే పెట్టు. సామాను నిలవ చోటు, పశువుల దొడ్డి, బయట చేల మీద కూడా కప్పు వేసెయ్. కప్పు వేసినా ఆట లెక్కలో అది బయటి నేలే కాబట్టి గడ్డి మొలుస్తుంది, మేకలు పస్తుండవు. ముఖ్యంగా ట్రేడ్ డిపో మీద, అదే వర్తకులు వచ్చి బేరం చేసే చోటు. అందరూ అదే మర్చిపోతారు.

కొరాపుట్_కాఫీ:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటి మాత్రం కలుపుతాను, అన్నీ కప్పేసి మరుగుజ్జుల్ని ఏళ్ళ తరబడి చీకట్లోనే ఉంచితే తర్వాత ఎండ చూడగానే కళ్ళు తిరిగి వాంతులు చేసుకుంటారు. మా కోటలో ఒకసారి ముట్టడి వచ్చి సైన్యం అంతా బయటికి పరిగెత్తింది, గుమ్మం దగ్గరే అందరూ వరసగా వాంతులు. గోబ్లిన్‌లు కూడా ఆగి చూసినట్టున్నారు.

పర్లాకిమిడి_మాస్టారు:
నేను ఈ ఆట ఆడను, మా అబ్బాయి ఆడతాడు. పిట్టల మాట వినపడింది కదా అని వచ్చాను. ఈ కియా గురించి రెండు ముక్కలు చెప్పవచ్చునా?

ఇది కల్పన కాదు. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం కొండల మీద నిజంగా ఉండే చిలక జాతి. మన రామచిలకకి దూరపు చుట్టం, కాకపోతే మంచు పడే చోట బతుకుతుంది. ముదురు ఆకుపచ్చ రంగు, రెక్క ఎత్తితే కింద నారింజ రంగు. దొంగతనం ఆట తయారుచేసినవాళ్ళు అంటగట్టింది కాదు, అది దాని సొంత గుణం. అక్కడికి వెళ్ళిన యాత్రికుల కార్ల వైపర్ రబ్బర్లు పీకేస్తుంది, సంచులు తెరిచి చూస్తుంది. తినడానికి కాదు, ఏమిటా అని చూడటానికి.

సిరొంచ బాబు కొట్టి పారెయ్ అన్నాడు కదా, అక్కడ ఆ పనే చేశారు. గొర్రెల వీపుల మీద వాలి ముక్కుతో పొడిచి కొవ్వు తింటోందని రైతులు గోల పెడితే పందొమ్మిదో శతాబ్దంలో తలకింత అని డబ్బులు ఇవ్వడం మొదలెట్టారు. ఆ లెక్కన సుమారు 1,50,000 పక్షులు పోయాయని అంచనా. 1970ల మొదట్లో ఆ డబ్బులు ఆపారు, 1986లో పూర్తి రక్షణ ఇచ్చారు. ఇప్పుడు అక్కడ మిగిలినవి కొన్ని వేలే.

సిరొంచ_పోరడు:
మాస్టారూ, మీరు చెప్పింది మంచిగుంది గానీ గది నిజం పిట్ట, గిది ఆట. నా కోటలో గది నిండా పుర్రెలుంటే న్యూజిలాండ్‌ల ఎవరికీ నష్టం లేదు.

పర్లాకిమిడి_మాస్టారు:
నష్టం లేదు నాయనా, ఒప్పుకున్నాను. పుర్రెలు అమ్ముకో. నేను చెప్పింది ఏమిటంటే ఆ ఆటలో ఉన్న పక్షికి పగ లేదు, కోపం లేదు, నీ కోట దానికి తెరిచిన సంచి మాత్రమే. మా అబ్బాయి కూడా మొన్న 'నాన్నా అది కావాలని చేస్తోంది' అని కీబోర్డు మీద కొట్టాడు. కీబోర్డు ఖరీదు నేను కట్టాను.

కొరాపుట్_కాఫీ:
మాస్టారి మాటకి నా పాత గోడు గుర్తొచ్చింది. ఈ ఆట ఫైళ్ళు తెరిచి చూస్తే మామూలు టెక్స్టే, ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. అందులో జయింట్ కియాకి విడిగా పెద్ద వర్ణన ఏమీ ఉండదు. మామూలు కియా లక్షణాలన్నీ తీసుకో, దానికి 'జయింట్' అనే అచ్చు వెయ్యి, ఇంత పెంచు, అంతే. పిచ్చుకకీ అదే, గుడ్లగూబకీ అదే, కాకికీ అదే. ఒకే అచ్చులో ఇడ్లీ వేసినట్టు. అందుకే పెద్ద పిచ్చుక వచ్చి కోట మీద తిరుగుతుంది, ఏమీ చెయ్యదు, వెళ్ళిపోతుంది. ఒక పిచ్చుక ఎద్దంత ఉంటే దాని ఆకలి ఎంతుండాలి, గూడు ఎంతుండాలి, ఎక్కడ కడుతుంది? ఆట అదేం అడగదు.

మా కొండల్లో హార్న్‌బిల్ తిరుగుతుంది, మా ఊరి వెనక మర్రి కాయలు పండితే వస్తుంది. ఆ రెక్కల చప్పుడు పిట్ట చప్పుడులా ఉండదు, ఎవరో గోనెపట్టా దులుపుతున్నట్టు ఉంటుంది. గుడ్లు పెట్టే కాలానికి ఆడది చెట్టు తొర్రలో దూరి, మట్టీ రెట్టా కలిపి తొర్ర నోరు లోపలి నుంచే పూసేసుకుంటుంది. ఒక్క ముక్కు పట్టే సందు ఉంచుతుంది. మగది వారాల తరబడి ఆ సందులోంచి పళ్ళు అందిస్తుంది. మగది చస్తే లోపల ఉన్నవాటి గతి అంతే. ఆటలో హార్న్‌బిల్ ఉంది, దాని జయింట్ కూడా ఉంది. ఊహించండి, నీ కోట పక్క కొండలో గదంత తొర్ర, దాని నోటికి పూత, లోపల ఒక ప్రాణం, బయట ఎద్దంత మగపిట్ట రోజుకి పదిసార్లు నీ తోటలో పళ్ళు కోసుకెళ్తుంది. దాన్ని చంపుతావా? ఇప్పుడు ఆలోచించాల్సి వస్తుంది కదా. అలాంటిది ఒక్కటి పెట్టినా నేను ఇంకో పదేళ్ళు ఆడతాను.

బరంపురం_పట్టు:
పదేళ్ళు ఎలాగూ ఆడతావులే.

బల్లార్షా_బొగ్గు:
కియాలకే ఇంత గోలైతే మీరు రాక్ పక్షిని చూడలేదన్నమాట. అది మామూలు జయింట్ కాదు, మెగాబీస్ట్, కోట పెరిగి డబ్బూ జనం చేరాక ఒంటరిగా వస్తుంది. నాకు వచ్చింది. నేను అప్పటికి మూడు వంతెనలు, రెండు కందకాలు, వంద ఉచ్చులు పెట్టి చాలా గర్వంగా ఉన్నాను. అది వీటన్నిటి మీదుగా వచ్చి నడిమింట్లో దిగింది. వెలుతురు కోసం అక్కడ కప్పు వెయ్యలేదు. మా నాయనమ్మ గండభేరుండ పక్షి కాళ్ళతో ఏనుగుల్ని పట్టుకుపోతుందని చెప్పేది, ఆ రోజు రాత్రి నిజంగా అదే గుర్తొచ్చింది. డెబ్భై మందిలో పదకొండు మంది మిగిలారు. ఆ పదకొండు మందికీ పిచ్చెక్కింది.

పర్లాకిమిడి_మాస్టారు:
అంత పక్షి నిజంగా ఎగరలేదు, చిన్న లెక్క. ఇక్కడ వాకిట్లో తిరిగే నల్ల గద్ద దాదాపు కిలో తూగుతుంది. దాన్ని ప్రతి వైపూ పది రెట్లు పెంచండి. రెక్క వైశాల్యం వంద రెట్లు అవుతుంది, బరువు వెయ్యి రెట్లు అవుతుంది. వంద రెట్ల రెక్క వెయ్యి రెట్ల బరువు మొయ్యాలి. అందుకే ప్రకృతి ఒక దగ్గర ఆగింది. అర్జెంటీనాలో సుమారు అరవై లక్షల ఏళ్ళ క్రితం అర్జెంటావిస్ అనే పక్షి ఉండేది, బరువు డెబ్భై కిలోల దరిదాపు, రెక్కలు చాపితే ఆరేడు మీటర్లు. ఎగిరిన వాటిలో అతి బరువైన వాటిలో అదొకటి.

ఎగరడం మానేస్తే మాత్రం ఎంతైనా పెరగొచ్చు. మడగాస్కర్‌లో ఏనుగు పక్షి అని ఉండేది, దాని ఒక్క గుడ్డు మన నూటయాభై కోడిగుడ్లతో సమానం. న్యూజిలాండ్‌లోనే మోవా అనే రెక్కల్లేని పెద్ద పక్షి ఉండేది, దాన్ని వేటాడే హాస్ట్ గద్ద ఒకటి, పదిహేను కిలోల దాకా పెరిగేది. మనుషులు వచ్చి మోవాల్ని తినేశాక గద్దకి తిండి లేకుండా పోయింది, సుమారు ఆరువందల ఏళ్ళ క్రితం అదీ పోయింది.

సిరొంచ_పోరడు:
మాస్టారూ ఆఖరి ముక్క చదివి మా తాత గుర్తొచ్చిండు. మా ఊరు ప్రాణహిత వచ్చి గోదావరిల కలిసే దగ్గర. తాత చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరవతల వేసి వచ్చేవాళ్ళట, మధ్యాహ్నానికి ఆకాశంల చుక్కలు చుక్కలుగా రాబందులు, పొద్దుగూకేసరికి బొక్కలే. నా చిన్నప్పటికి ఒక్కటీ లేదు. గొడ్లకు నొప్పికి వేసే డైక్లోఫినాక్ సూది మందు వల్ల, ఆ గొడ్డు చచ్చినంక తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చేదని తర్వాత తెలిసింది. 2006ల పశువులకు ఆ మందు ఆపిండ్రు. ఇప్పుడు గడ్చిరోలి వైపు, అటు ఒడ్డున బెజ్జూరు గుట్టల వైపు మళ్ళీ కొన్ని కనపడుతున్నయి. ఒకసారి పడవల పోతుంటే చూసిన, రెక్క ఆడించకుండ గట్లనే తేలుతుంటది, దాని నీడ నీళ్ళ మీద నుంచి మా పడవ మీదికి వచ్చి దాటిపోయింది. పడవల అందరు నోరు మూసుకున్నరు.

అయినా నా కోటల జయింట్ రాబందు వస్తే కొట్టనా అంటే కొడత. అబద్ధం ఎందుకు.

వంశధార_ఒడ్డు:
అప్‌డేట్. అక్క చెప్పినట్టు బండి చుట్టూ గోడ లేపి రాతి కప్పు వేశాను. మధ్యలో ఒక మేస్త్రీ కప్పు పైన నిలబడి తనే దిగే దారి మూసేసుకున్నాడు, రెండు రోజులు పైనే ఉన్నాడు, తర్వాత మెట్లు కట్టించాను. కప్పు పూర్తయినప్పటి నుంచి ఒక్క వస్తువు పోలేదు. కియాలు వస్తున్నాయి, పైన తిరిగి తిరిగి వెళ్ళిపోతున్నాయి. చూస్తుంటే కాస్త జాలేస్తోంది కూడా.

పట్టడం కూడా చేశాను. గోడకి ఒక చోట సందు ఉంచి, లోపల సన్నటి దారి, దారి చివర పనికిరాని రాతి గిన్నెలు నాలుగు, దారంతా కేజ్ ట్రాప్‌లు. బోను కర్రదే, ఇనుము అక్కర్లేదు. ఒక్క సీజన్‌లో మూడు పడ్డాయి, రెండు ఆడవి, ఒకటి మగది. ఇప్పుడు వీటిని పెంచొచ్చా?

బరంపురం_పట్టు:
శభాష్. పెంచొచ్చు. యానిమల్ ట్రైనర్‌ని ఒకణ్ణి పెట్టి మచ్చిక చేయించు, కానీ పెద్దవి మచ్చికైనా వదిలేస్తే మళ్ళీ అడవి బుద్ధి వస్తుంది, మధ్యమధ్యలో నేర్పిస్తూనే ఉండాలి. అసలు లాభం పిల్లల్లో ఉంది. పుట్టిన పిల్లని చిన్నప్పుడే మచ్చిక చేస్తే అది పూర్తిగా పెంపుడుదైపోతుంది. గూటి పెట్టెలు పెట్టు, మగదాన్ని కూడా బోనులోంచి తీసి అక్కడే వదులు. గుడ్లు పెట్టగానే వాటిని 'ఫర్బిడ్' చెయ్యి, అంటే ఎవరూ ముట్టకూడదని గుర్తు పెట్టు, లేకపోతే వంటవాడు పట్టుకుపోతాడు.

డిపో మీద కప్పు వేశావా?

వంశధార_ఒడ్డు:
డిపో ఐదు బై ఐదు కదా అక్కా, బండి రావడానికి మూడు గళ్ళ వెడల్పు దారి కూడా వదలాలి, కొంచెం పని. గూటి పెట్టెలు అయ్యాక చేస్తాను.

వంశధార_ఒడ్డు:
గుడ్లు పెట్టాయి. నేను అన్నం తినడానికి లేచాను, ఆట ఆపడం మర్చిపోయాను. వచ్చి చూసేసరికి వంటవాడు కియా గుడ్లతో విందు భోజనం చేసి పెట్టాడు. మరుగుజ్జులందరూ చాలా సంతోషంగా ఉన్నారు. 'అద్భుతమైన భోజనం తిన్నాను' అని ఒక్కొక్కడూ తలచుకుంటున్నాడు.

బల్లార్షా_బొగ్గు:
వాళ్ళ ముఖంలో ఆ సంతోషం చూసి ఏమీ అనకు. మళ్ళీ పెడతాయి.

కొరాపుట్_కాఫీ:
తలుపుకి తాళం వేసేయ్ తమ్ముడూ, వంటవాడికి ఫర్బిడ్ కన్నా తాళమే బాగా అర్థమవుతుంది.

వంశధార_ఒడ్డు:
శరత్కాలం వచ్చింది. వర్తకులు వచ్చారు! బండిలో దాగలి ఉంది, ఇనపదే. ఉన్న రాతి గిన్నెలూ బొమ్మలూ అన్నీ ఇచ్చేశాను, పనికిరానివి అన్నాను గానీ బాగానే చెల్లాయి. బేరం కుదిరింది. దాగలి ఇప్పుడు నాది. డిపోలో నేల మీద ఉంది, ఎవరో ఒకరు వచ్చి లోపలికి మొయ్యాలి. అందరూ విందు గదిలో ఉన్నారు.

బరంపురం_పట్టు:
డిపో మీద కప్పు వేశావా?

వంశధార_ఒడ్డు:
అక్కా, తెర అంచున మూడు కియాలు కనపడుతున్నాయి.

సిరొంచ_పోరడు:
పాజ్ కొట్టు. పాజ్ కొట్టు తమ్మీ!